కోపెన్‌హేగెన్ పరిశోధనాలయం: అతిథులు, ఆతిథేయుడు

ఏ పరిశోధనాలయాన్ని ప్రశంసించవలసి వచ్చినా, అక్కడికి వచ్చి వెళ్ళిన విదేశీ పండితుల పేర్లు ఏకరువు పెట్టడం పరిపాటి. కోపెన్‌హేగెన్ విశ్వవిద్యాలయంలోని సైద్ధాంతిక భౌతికశాస్త్ర పరిశోధనాలయం విషయంలోనూ ఇదే జరుగుతున్నది. 1921 మార్చి 3న ప్రారంభమై, 1965 నుంచి నీల్స్ బోర్ పేరుతో వెలసిల్లుతున్న ఈ సంస్థను గురించి వ్రాసేవారు, హైజన్‌బర్గ్, డిరాక్, పౌలీ అంటూ నాలుగు గొప్ప పేర్లు చెప్పి తృప్తి పడతారు. కాని పేర్ల పట్టికతో ఒక సంస్థ విలువ తేలదు. వచ్చిన అతిథి తన అభిప్రాయాన్ని నిర్భయంగా నిలుపుకోగలిగాడా? ఈ ప్రశ్న వేసుకొంటే చిత్రం కొంత మారుతుంది.

ముందుగా సంస్థకు చెందవలసిన కీర్తిని చెప్పుకోవాలి. మొదటి ప్రపంచయుద్ధం తరువాత కొన్నేళ్ళపాటు జర్మన్ శాస్త్రజ్ఞులను అనేక అంతర్జాతీయ సభలకు రానిచ్చేవారు కారు. యుద్ధంలో తటస్థంగా ఉన్న డెన్మార్క్‌లో బోర్ ఈ వెలిని పాటించలేదు. ఏ దేశపు యువకుడైనా అక్కడ నెలల తరబడి ఉండి పనిచేయగలిగేవాడు. హంగరీకి చెందిన హెవెషీ, హాలండ్‌కు చెందిన కోస్టర్ కలిసి జిర్కోనియం ఖనిజాలను ఎక్స్-కిరణాలతో పరీక్షించి, 72వ మూలకాన్ని కనుగొన్నట్లు 1923లో ప్రకటించారు. కోపెన్‌హేగెన్ నగరపు లాటిన్ పేరైన హాఫ్నియాను బట్టి దానికి హాఫ్నియం అని పేరు పెట్టారు.

ఇక రెండవ వైపు చూద్దాం. 1923 చివర అమెరికా నుంచి స్లేటర్ అనే 23 ఏళ్ళ యువకుడు అక్కడికి వచ్చాడు. కాంతికణాలు నిజంగా ఉన్నవనీ, వాటికి తరంగాలు దారి చూపుతవనీ అతని ఊహ. ఆనాటికి బోర్‌కు కాంతికణాలపై నమ్మకం లేదు. బోర్, అతని సహాయకుడు క్రామర్స్ వాదించగా, స్లేటర్ కణాలను విడిచిపెట్టాడు. 1924లో ముగ్గురి పేర్లతో ఒక వ్యాసం వెలువడినది. పరమాణువులలో జరిగే ఒక్కొక్క చర్యలోనూ శక్తి నిత్యత్వ సూత్రం వర్తించనక్కరలేదనీ, అనేక చర్యల సగటులో వర్తిస్తే చాలుననీ దాని సారాంశం.

ఆ పొరపాటు ఆ ఇంటిలో బయటపడలేదు. 1925లో జర్మనీలో బోతే, గైగర్ చేసిన ప్రయోగం దానిని బయటపెట్టినది. ఎక్స్-కిరణం చెదరడమూ, దెబ్బ తిన్న ఎలక్ట్రాను వెలువడడమూ ఏకకాలంలో జరుగుతున్నట్లు వారు చూపారు. ప్రయోగ ఫలితాన్ని బోర్ వెంటనే శిరసావహించాడు. అది అతని గొప్పతనం. కాని స్లేటర్ ఆ అనుభవాన్ని తరువాతి కాలంలో అసంతృప్తితోనే తలచుకొన్నాడు. ఆతిథేయుని పేరుప్రతిష్ఠల ముందు అతిథి ఆలోచన వాడిపోయే ప్రమాదం ఉన్నదని దీనివల్ల తెలుస్తున్నది.

హైజన్‌బర్గ్ కథ ఇందుకు భిన్నమైనది. 1927లో బోర్ నార్వేకు మంచుమీద విహరించడానికి వెళ్ళినప్పుడు, అతడు ఒంటరిగా కూర్చుని అనిశ్చితత్వ సూత్రాన్ని రూపొందించాడు. తిరిగివచ్చిన బోర్, అందులోని సూక్ష్మదర్శిని ఉదాహరణలో లోపం ఉన్నదని పట్టుకొన్నాడు. కటకంలోకి కాంతి ఏ కోణంలో ప్రవేశించినదో ఖచ్చితంగా తెలియకపోవడాన్ని హైజన్‌బర్గ్ లెక్కలోకి తీసుకోలేదు. వాదం కన్నీళ్ళదాకా వెళ్ళినది. అయినా అతడు వ్యాసాన్ని ఉపసంహరించుకోలేదు; సూత్రాన్ని నిలుపుకొని, లోపాన్ని ఒప్పుకొంటూ చివర ఒక అనుబంధం చేర్చాడు. సూత్రం అతిథిది, సవరణ ఆతిథేయునిది. ఆ ఇంటి గొప్పతనానికి ఇదే సరైన నిదర్శనం.

అతిథి తిరిగివెళ్ళి ఏమి చేశాడన్నది కూడా చూడాలి. 1923 నుంచి 1928 వరకు అక్కడ పనిచేసిన జపాన్ శాస్త్రజ్ఞుడు నిషినా, స్వదేశంలో 1931లో తన ప్రయోగశాలను నెలకొల్పాడు. 1965లో నోబెల్ బహుమానం పొందిన తొమొనాగా ఆ ప్రయోగశాలలో పెరిగినవాడే. కోపెన్‌హేగెన్ ఆతిథ్యం అక్కడ ఫలించినదని చెప్పవచ్చు.

కనుక ఒక పరిశోధనాలయాన్ని గురించి చదివే విద్యార్థి, ఎందరు వచ్చారని అడిగి ఊరుకోరాదు. వచ్చినవారు ఎవరితో విభేదించారు, ఎవరిని దిద్దారు, ఇంటికి ఏమి తీసుకుపోయారు అని కూడా అడగాలి. ఉపాధ్యాయుడు తన తరగతికి వేసుకోవలసిన ప్రశ్న కూడా ఇదే: గురువు పొరబడినప్పుడు ఆ మాట చెప్పే ధైర్యం శిష్యునికి అక్కడ ఉన్నదా?