పొంతన కుదరని ఓరుగల్లు కథ

కాకతీయుల మీద తెలుగు వచనంలో వచ్చిన పెద్ద కథ ఏకామ్రనాథుడి ‘ప్రతాపరుద్ర చరిత్రము’. రాజ్యం 1323లో కూలింది. ఈ పుస్తకం 16వ శతాబ్దంలో పుట్టి ఉంటుందని పండితుల అంచనా. ఇదే కథను కాసె సర్వప్ప ‘సిద్ధేశ్వర చరిత్ర’ పేరుతో ద్విపదలో చెప్పాడు. 18వ శతాబ్దంలో కూచిమంచి జగ్గకవి ‘సోమదేవరాజీయం’లో మళ్ళీ ఎత్తుకున్నాడు. అమ్మవారిచ్చిన ఖడ్గం, ఇనుమును బంగారం చేసే లింగం, తండ్రిని చంపుతాడని జాతకం చెప్పిన కొడుకు, ఇలా పేరుకు చరిత్రే అయినా నడక అద్భుత కథది. శాసనాలు పక్కన పెట్టుకుని చదివినవారికి అతకని చోట్లు అడుగడుగునా తగులుతాయి. కథ అల్లిన చేతిపని కూడా ఆ అతుకుల దగ్గరే బాగా కనిపిస్తుంది.

ఈ కథకులు మొదట చేసే పని, ప్రతి ఘట్టాన్నీ కంటికి కనిపించే ఒక చోటికి కట్టేయడం. హనుమకొండలోని పద్మాక్షి గుట్టనే తీసుకోవచ్చు. వంశానికి మూలపురుషుడైన మాధవవర్మకు ఆ అమ్మవారు ప్రసన్నమై ఆయుధాన్నీ సైన్యాన్నీ ఇచ్చిందని కథ. బయ్యారం చెరువు శాసనంలోని వంశావళి మాత్రం వెన్న అనే రాజుతో మొదలవుతుంది. గుట్ట మీది 1117 నాటి శాసనమేమో అక్కడ జైన బసది కట్టించిన సంగతి చెబుతుంది. అయినా గుట్ట ఎదురుగా ఉంది, గుడిలో పూజలు అందుతున్నాయి, విన్నవాడు తలెత్తి చూస్తే చాలు.

పరుసవేది కథ కూడా ఇలాంటిదే. దారిన పోతున్న బండి ఒక రాతి దగ్గర చిక్కుకుంటుంది, రాయి తగిలిన బండి ఇనుము బంగారమవుతుంది. కబురు తెలిసిన కాకతీయ ప్రోలరాజు వచ్చి చూస్తాడు, అది స్వయంభూ లింగమని గ్రహించి గుడి కట్టిస్తాడు, దాని చుట్టూ ఊరు వెలుస్తుంది. ఒంటి రాయి వల్ల ఓరుగల్లు అన్న పేరుకూ, నాలుగు కీర్తితోరణాల నడుమనున్న స్వయంభూ శివాలయానికీ, రాజధానికి వచ్చిన సిరికీ ఈ ఒక్క బండి కథతోనే జవాబు దొరుకుతుంది. ఇంత పొదుపుగా కథ చెప్పడం పెద్ద నేర్పే.

ఆ గుడిలోనే తర్వాతి ఘోరమూ జరుగుతుంది. జాతకానికి భయపడి ప్రోలుడు వదిలేసిన బిడ్డ గుడిలోనే పెరిగి రుద్రుడవుతాడు. చీకట్లో లోపలికి వచ్చిన తండ్రిని పోల్చుకోలేక పొడుస్తాడు. చరిత్రకారుల లెక్క వేరు. కాకతి ప్రోలుణ్ణి చంపామని చెప్పుకొనే బిరుదులు తీరాంధ్ర శాసనాల్లో ఉన్నాయి కాబట్టి, అతను అక్కడి యుద్ధంలో పోయాడని వారి నిర్ణయం. వేయిస్తంభాల గుడిలోని 1163 నాటి రుద్రదేవుడి శాసనం తండ్రి విజయాలను గొప్పగా చెబుతుందే తప్ప పితృహత్య ఊసెత్తదు. యుద్ధంలో చావు ఎవరికైనా వస్తుంది. జాతకం చెప్పిన చావు మాత్రం ముందు వెనుకల ఘట్టాలన్నిటినీ ఒక్క ముడిలోకి లాగుతుంది.

అన్నిటికంటే ఎక్కువ చర్చకు వచ్చింది రుద్రమదేవి సంగతి. ‘ప్రతాపరుద్ర చరిత్రము’లో ఆమె కాకతీయ రాజు గణపతిదేవుడి భార్య. 1261 నాటి మల్కాపురం శాసనంలో కూతురు. చివరి కాకతీయ రాజు ప్రతాపరుద్రుడి ఆస్థానంలోనే ఉన్న విద్యానాథుడి ‘ప్రతాపరుద్రీయం’ కూడా ఆమెను కూతురనే అంటుంది, తండ్రి కొడుకుగా భావించి మగపేరు పెట్టాడంటుంది. అయితే ఈ పొరపాటు ఏకామ్రనాథుడి ఒక్కడిది కాదు. 13వ శతాబ్దపు చివర్లో మార్కో పోలో కూడా ఆమెను చనిపోయిన రాజు భార్యగానే రాశాడు. రాజు తర్వాత ఒక స్త్రీ ఏలిందంటే ఆమె రాణి అయి ఉండాలన్నది లోకానికి అలవాటైన ఊహ. కూతురు సింహాసనం ఎక్కడం ఎంత అరుదైన పనో ఈ తప్పే చెబుతోంది. ఆమెను ‘రుద్రదేవ మహారాజు’ అన్న శాసనాలను పట్టుకుని ఆధునిక కథకులు మరో దారి తొక్కారు. అడవి బాపిరాజు నవల ‘గోన గన్నారెడ్డి’ నుంచి 2015లో వచ్చిన ‘రుద్రమదేవి’ సినిమా దాకా మగవేషం కథకు ఆయువుపట్టు అయింది.

కోట బురుజులు 77, వాటిని కాచిన పద్మనాయకులు 77 మంది అన్నది ఇంకో లెక్క. ఇప్పటి రాతికోటకు ఉన్నవి 45 బురుజులే. శాసనాల్లో కనిపించే నాయకులు కూడా ఒక్క కులం వారు కారు. తమ పూర్వీకులు ఓరుగల్లు కోటను కాచారని చెప్పుకోవడం తర్వాతి కాలపు దొరలకు గౌరవం. ఆ గౌరవానికి ఒక్కో బురుజు ఒక్కో ఆధారమైంది.

ముగింపు దగ్గర కథకూ శాసనానికీ దూరం మరీ పెరుగుతుంది. ఢిల్లీకి బందీగా తీసుకెళ్తుండగా ప్రతాపరుద్రుడు నర్మదా తీరంలో కన్నుమూశాడని ప్రోలయ నాయకుడి విలస తామ్రశాసనం చెబుతుంది. దీన్ని నేలటూరి వెంకటరమణయ్య, మల్లంపల్లి సోమశేఖరశర్మ పరిష్కరించి ప్రచురించారు. 1423 నాటి అనితల్లి కలువచేరు శాసనమైతే ఆయన తన ఇష్టంతోనే దేవలోకానికి వెళ్ళాడంటుంది. ‘ప్రతాపరుద్ర చరిత్రము’ ఇంకా ముందుకు పోయి ఆయన్ను ఢిల్లీ చేరుస్తుంది. అక్కడ సుల్తాను తల్లికి ఆయనలో శివుడూ తన కొడుకులో విష్ణువూ కనిపిస్తారు. సుల్తాను సగౌరవంగా వదిలేస్తాడు. రాజు ఇంటికి వచ్చి, నాయకులను ఎవరి సీమలకు వారిని పంపి, ఆ తర్వాతే వెళ్ళిపోతాడు. ఓడిన రాజుకు ఓటమి లేకుండా చేయాలన్న ఆరాటం ఇందులో ఉంది. అంతకు మించి, రాజ్యం పోయాక ఎవరికి వారే ఏలుకున్న నాయకులకు రాజు చేతిమీదుగా అనుమతి దొరికింది. వారి వారసుల కాలంలో ఈ కథకు ఆదరణ దొరకడం సహజం.

ఇక ఓరుగల్లు సీమ జనం విన్న మరో కథలో ఇదే రాజు ఎదుటి పక్షాన నిలబడతాడు. మేడారం సమ్మక్క సారలమ్మల గాథలో కాకతీయ ప్రభువు కరువులో కూడా కప్పం కోసం సైన్యాన్ని పంపినవాడు. సమ్మక్క భర్త పగిడిద్దరాజు, కూతురు సారలమ్మ నేలకొరుగుతారు, కొడుకు జంపన్న వాగులో కలిసిపోతాడు, సమ్మక్క చిలకలగుట్ట వైపు నడిచి కుంకుమ భరిణెగా మిగులుతుంది. ఇక్కడా కాలం కుదరదు. ఆ రాజును కొందరు 12వ శతాబ్దపు మొదటి ప్రతాపరుద్రుడంటారు, కొందరు 1289లో గద్దెనెక్కిన రెండో ప్రతాపరుద్రుడంటారు. ఏ రాజన్నది ఈ కథకు పెద్ద పట్టింపు కాదు, కప్పం అడిగిన చెయ్యి ఏదన్నదే దానికి కావాలి. కోటలో స్వయంభూ లింగానికి మొక్కినవారే రెండేళ్ళకోసారి బంగారమని పిలుచుకునే బెల్లంతో మేడారం గద్దెల దగ్గరికి వెళ్తారు. ఒక కథలో శివాంశ అయిన రాజు మరో కథలో పన్నుల రాజు కావడం వారి భక్తికి ఏనాడూ అడ్డు రాలేదు.