రంగు పూసేది కాలేజీయేనా?

ఆర్మూరు చుట్టూ పసుపు కళ్లాలు ఎండుతున్న రోజుల్లో మా గల్లీ చాచా ఒకాయన అడిగారు. "బిడ్డ ఉస్మానియాకు పోత అంటున్నది బేటా. అక్కడికి పోతే లాల్ జెండా పట్టుకుంటదా? దీన్ మర్చిపోతదా?" ఆయన హమాలీ. పసుపు బస్తాలు మోసి మోసి ఆయన చొక్కా ఎన్నిసార్లు ఉతికినా పచ్చగానే ఉంటుంది.

ఇదే మాటను ఒక అభ్యుదయ మిత్రుడు తిప్పి చెప్పాడు. "మీ పిల్లలు పెద్ద చదువులు చదవాలి. చదివితే ఈ మతం గొడవ అదే పోతుంది." చాచాది భయం, మిత్రుడిది ఆశ. యూనివర్సిటీలన్నీ దేశద్రోహుల అడ్డాలని టీవీల్లో అరిచేవాళ్ళది ద్వేషం. కానీ ముగ్గురి నమ్మకం ఒకటే. కాలేజీ రంగు తొట్టి, పిల్లల్ని ముంచి తీస్తే రంగు అంటుకుంటుంది.

నిజంగా అంటుకుంటుందా? ఉస్మానియానే చూడండి. 1918లో నిజాం ఉర్దూ మాధ్యమంతో పెట్టిన విశ్వవిద్యాలయం. 1938లో వందేమాతరం పాడినందుకు విద్యార్థులను వందలమందిని వెళ్ళగొట్టారు. వాళ్ళలో ఒకరైన పి.వి. నరసింహారావు నాగపూర్ పోయి చదువుకున్నారు. ఆ ఉస్మానియాలోనే ఎం.ఏ. చదివి, సిటీ కాలేజీలో పాఠాలు చెప్పి, ఆ కొలువు వదిలేసి కమ్యూనిస్టు అయినవాడు మఖ్దూం మొహియుద్దీన్. రజాకార్ల నాయకుడు ఖాసిం రజ్వీ అలీగఢ్‌లో లా చదివాడు. మజాజ్‌నూ, అలీ సర్దార్ జాఫ్రీనీ ఇచ్చింది కూడా ఆ అలీగఢే. తొట్టి ఒకటే అయితే ఇన్ని రంగులు ఎక్కడివి?

మఖ్దూం చిన్నతనం గురించి ఒక సంగతి చెప్తారు. తండ్రి లేని పిల్లవాడికి బాబాయి రష్యా ముచ్చట చెప్పాడట, అక్కడ అందరూ ఒకే దస్తర్‌ఖాన్ మీద తింటారని. మసీదు ఊడ్చిన ఆ పిల్లవాడికి సమానత్వం మొదట కనిపించింది దస్తర్‌ఖాన్ రూపంలో. యూనివర్సిటీ తర్వాత వచ్చింది. మఖ్దూంను తలకెత్తుకునే మన విప్లవ మిత్రులు ఈ దస్తర్‌ఖాన్‌ను ఎందుకో పక్కన పెడతారు.

అయితే చదువు ఏమీ చెయ్యదా? చేస్తుంది, పుస్తకంతో మాత్రం కాదు. 1930ల్లో అమెరికాలో బెనింగ్టన్ అనే ఆడపిల్లల కాలేజీని థియోడర్ న్యూకూంబ్ అనే పరిశోధకుడు ఏళ్ళ తరబడి గమనించాడు. డబ్బున్న సంప్రదాయ కుటుంబాల పిల్లలు చదువు ముగిసేసరికి ఉదారవాదులయ్యారు. కాలేజీ సమాజంలో కలవాలని, మెప్పు పొందాలని కోరినవాళ్ళు మారారు. మనసు ఇంటి దగ్గరే ఉన్నవాళ్ళు అంతగా మారలేదు. పాతికేళ్ళ తర్వాత వెతికి అడిగితే చాలామందిలో ఆ మార్పు నిలిచే ఉంది.

ఇప్పుడు ఈ లెక్కను మన దగ్గరికి తెండి. 2006 నాటి సచార్ కమిటీ నివేదిక ప్రకారం పేరున్న కాలేజీల్లో డిగ్రీ విద్యార్థులు 25 మందిలో ఒకరు ముస్లిం, పీజీలో 50 మందిలో ఒకరు. యాభైలో ఒక్కడు ఎవరి మెప్పు కోరాలి? నేను చదివే రోజుల్లో ఒక విద్యార్థి సంఘం స్టడీ సర్కిల్ శుక్రవారం మధ్యాహ్నమే పెట్టేవారు. జుమ్మాకు పోయొస్తానంటే ఒకాయన నవ్వి, "నువ్వింకా ఎదగాలి" అన్నాడు. ఆయన ఇంట్లో గృహప్రవేశానికి సత్యనారాయణ వ్రతం జరిగింది. అది మతం కాదట, ఇంటి ఆచారమట! అలా ఎదగలేక కొందరు సంఘం వదిలారు, కొందరు పేరు చెప్పుకోవడానికే జంకారు. వాళ్ళను మార్చింది సిలబస్ కాదు, ఆ నవ్వు.

రోహిత్ వేముల కథ దీన్నే ఇంకా కఠినంగా చెప్తుంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఆయన మొదట ఎస్.ఎఫ్.ఐ.లో ఉన్నాడు, తర్వాత అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్‌కు వచ్చాడు. క్యాంపస్ అదే, లైబ్రరీ అదే. ముజఫర్‌నగర్ మారణకాండ మీద తీసిన సినిమా ప్రదర్శనను ఢిల్లీలో అడ్డుకుంటే ఇక్కడ నిరసన తెలిపింది ఆ దళిత విద్యార్థులే. రోహిత్ 2016 జనవరి 17న మనకు లేకుండా పోయాడు. మన కోసం నిలబడాలని వాళ్ళకు ఏ ప్రొఫెసర్ నేర్పాడు? వెలి తెలిసినవాడికి ఇంకొకడి వెలి తెలిసింది.

2022లో కర్ణాటకలో హిజాబ్ వేసుకున్న పిల్లల్ని కాలేజీ గేటు దగ్గరే ఆపేశారు. ఆ పిల్లలు రాజకీయం నేర్చింది గేటు బయటే, క్లాసులోకి పోకముందే.

కాలేజీ మెట్లెక్కని రాజకీయం చూడాలంటే మా ఆర్మూరే చాలు. 2019లో పసుపు, ఎర్రజొన్న ధరల కోసం రైతులు రోడ్డెక్కారు, ఆ తర్వాత 170 మందికి పైగా నిజామాబాద్ పార్లమెంటుకు పోటీ చేశారు. మొత్తం అభ్యర్థులు 185 మంది. దేశమంతా తిరిగి చూసింది. గెలిచింది మాత్రం పసుపు బోర్డు తెస్తానని బాండు పేపరు రాసిచ్చిన బీజేపీ అభ్యర్థి. బోర్డు 2025 జనవరిలో వచ్చింది. ఈ జనాన్ని అటు నడిపించింది చదువు లేకపోవడమని మా అభ్యుదయ మిత్రుడు అనొచ్చు. నేను ఒప్పుకోను. ధర నడిపించింది, దాని వెనక మతం మెల్లగా నడిచొచ్చింది. డిగ్రీలున్న ఊళ్ళలోనూ అలాగే వచ్చింది. భూమి లేక బస్తాలు మాత్రమే మోసే మా చాచాలను ఆ లొల్లిలో ఎవరూ ఏమీ అడగలేదు.

ఇదంతా చాచాకు నాకు తోచినట్టు చెప్పాను. ఆయన బీడీ ఆర్పి, "ఇవన్నీ నాకెందుకు బేటా. హాస్టల్ల మనోళ్ళ ఆడపిల్లలు ఎవరన్న ఉన్నరా, అది చెప్పు" అన్నారు. నాలుగు గంటల నా వాదన కన్నా ఆ ప్రశ్నకే బెనింగ్టన్ బాగా తెలుసు. గుర్తుచేసుకుని ముగ్గురి పేర్లు చెప్పాను. ఫారం బిడ్డే నింపింది. మొదటి ఆప్షన్ పొలిటికల్ సైన్స్ అని రాసి, అబ్బాకు చదివి వినిపించకుండా మడిచిపెట్టింది.