కన్యాశుల్కము: బాలవధువు దేహక్షేమము

గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కమును విమర్శకులు హాస్యనాటకముగను, సంస్కరణ నాటకముగను బహుధా పరామర్శించి యున్నారు. పసివధువు దేహమునకు వాటిల్లు నపాయమును ఈ నాటక మే విధమున చూపినది యను ప్రశ్న ప్రత్యేకచర్చకు తగినదని మా యభిప్రాయము.

1897 నాటి ప్రథమ ముద్రణ పీఠికలో విజయనగర మహారాజు సేకరింపించిన పట్టిక యొకటి పేర్కొనబడినది. విశాఖపట్టణ మండలమున మూడేండ్లలో బ్రాహ్మణులందు జరిగినట్లు అందు నమోదైన కన్యాశుల్క వివాహములు 1,034. వధువు వయస్సు ఐదేండ్లైనవి 99, నాలుగేండ్లైనవి 44, మూడేండ్లైనవి 36, రెండేండ్లైనవి 6, ఏడాదియైనవి 3. ఈ లెక్క వయస్సును చెప్పినది; కాపురమునకు పోయిన పిమ్మట ఆ బాలికల గతి యేమో చెప్పలేదు. నాటకము 1892లో తొలిసారి ప్రదర్శింపబడినది. అంతకు ముందటి యేటనే, 1891లో, భార్యయైనను పండ్రెండేండ్లు నిండని బాలికతోడి సంగమము నేరమని శాసనము వెలసినది. అంతవరకు ఆ మితి పదేండ్లే.

కథలో లుబ్ధావధానులకు అమ్ముడుపోవలసినది సుబ్బి. ఆమెకు మారుగ పెండ్లిపీటలపై కూర్చున్నవాడు స్త్రీవేషధారి మహేశము. ప్రేక్షకుడు నిశ్చింతగ నవ్వగలుగుట ఆ వధువు బాలుడగుటచేతనే. పీటలపై సుబ్బియే యున్నచో ఆ హాస్యము నిలువదు. ఇట్లు ప్రహసనమునుండి తప్పించిన యపాయమును కవి బుచ్చమ్మ, మీనాక్షుల బ్రతుకులలో నిలిపినాడు. ఒకతె ముసలివానికి అమ్ముడై చిన్ననాటనే వితంతువైనది; వేరొకతె వైధవ్యమున రామప్పంతులు మాయకు లోనైనది. వీరి యిక్కట్లకు శీలలోపము హేతువు కాదు. తండ్రి ధనాశ, చదువులేమి, పునర్వివాహ నిషేధము, తన దేహముపై తనకు మాట లేకుండుట - ఇవియే హేతువులు. సౌజన్యారావు పంతులు బుచ్చమ్మను గిరీశమునకు అప్పగింపక పూనా వితంతు శరణాలయమునకు పంపదలచుట యందలి యౌచిత్య మిచ్చటనే తెలియును.

శుల్కము అంతరించినది గనుక ఇది గతచరిత్ర మాత్రమే యని కొందరనవచ్చును. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేను బట్టి 20-24 ఏండ్ల స్త్రీలలో పదునెనిమిదేండ్లు నిండకమున్నే పెండ్లియైనవారు ఆంధ్రప్రదేశమున నూటికి 29.3, తెలంగాణమున 23.5. లేతవయస్సున గర్భము ధరించినవారికి పురుటివేళ మూర్ఛయు, పురుటి తరువాత గర్భకోశమునకు అంటుదోషమును హెచ్చుగ కలుగునని వైద్యశాస్త్రము చెప్పుచున్నది. శుల్కము పోయినను హేతువులు పోలేదు.

కావున మహేశము వేషమును కేవలము కథాచమత్కారముగ బోధించుట చాలదు. ఆ వేషము ఎవరి స్థానమున వేయబడినదో విద్యార్థికి తెలిసిననాడే కన్యాశుల్క హాస్యమునందలి కరుణ తెలియును.