మరి జమానతున్నోని గతేంది?

‘మిడ్‌నైట్ రన్’ మళ్లీ చూసిన. మార్టిన్ బ్రెస్ట్ 1988లో తీసిన సినిమా. రాబర్ట్ డి నీరో, చార్లెస్ గ్రోడిన్ తగువులాట ఇప్పటికీ నవ్విస్తుంది. ఈసారి మాత్రం నా ధ్యాసంతా డి నీరో తుపాకి మీదే.

బెయిలు మీద బయటికొచ్చి మాయమైన అకౌంటెంటును న్యూయార్క్ నుంచి లాస్ ఏంజెలెస్‌కు తెస్తే లక్ష డాలర్లు. రైలు, బస్సు, కారు... రాష్ట్రాలు మారుతూనే ఉంటాయి. పూచీ ఉన్నవాడు పారిపోయినోణ్ని వేరే రాష్ట్రంలోనైనా పట్టుకోవచ్చని అమెరికా సుప్రీంకోర్టు 1872లోనే, టేలర్ వర్సెస్ టెయింటర్ కేసులో అన్నది. మనిషిని పట్టే హక్కు సరిహద్దు దాటుతుంది, తుపాకి పర్మిట్ దాటాలని లేదు. 2004లో వచ్చిన చట్టం కూడా ఆ వెసులుబాటు పోలీసులకే ఇచ్చింది, బెయిలు ఏజెంట్లకు కాదు. సినిమాకు ఈ చిక్కే పట్టదు. పట్టి ఉంటే ఇంకింత నవ్వుకునేటోళ్లం.

మా ఏర్గట్లలో జమానతంటే పట్టా పాసుబుక్కు. మా పెద్దబాపు ఒకతనికి జమానతున్నడు. అతను వాయిదాకు రాలే. పైసలు కట్టమని నోటీసు. పెద్దబాపు భుజాన తువ్వాలేసుకొని బోధన్ మీదుగా మహారాష్ట్ర దాకా బస్సుల్లో తిరిగిండు. దొరికినా లాక్కొచ్చే అధికారం మన చట్టం ఇయ్యదు. కోర్టుకు చెప్పి వారంటు అడగాలె, లేదంటే బతిమాలాలె.

సినిమా చివర్ల డి నీరో అకౌంటెంటును వదిలేస్తడు. మనకు కండ్లు తడుస్తయి. పెద్దబాపుకు కథ చెప్తే ఒక్కటే అడిగిండు: “మరి జమానతున్నోని గతేంది?”

ఆ బాండు వ్యాపారిని సినిమా నవ్వులాటకు వాడుకొని వదిలేసింది. నేనూ ఇన్నేండ్లు అట్లనే చూసిన.