హేమంతమున చామంతి

తెలుగునాట తోటపని చేయువారి నేర్పరితనము తేటతెల్లమగు కాలము హేమంతము. వానలలో గోడపగులునందు రావిమొక్కయు మొలచును. అందులో మన ప్రజ్ఞ యేమియు లేదు. కార్తికము మొదలు పుష్యము తుదివరకు ఒకరి పెరటిలోనో, మేడమీది నాలుగు కుండీలలోనో ఏమి పూచినదో చూచినచో, ఆ యింటివారు గడచిన పది నెలలును మొక్కల యెడ ఎంత శ్రద్ధ వహించిరో చెప్పివేయవచ్చును. ఈ పరీక్షకు గీటురాయి చామంతి. ఆషాఢమున అశ్రద్ధ చేసినవారిని అది మార్గశిరమున నలుగురి యెదుట పట్టి యిచ్చును.

అట్టి చామంతిని మన ఊళ్లలోని ఉద్యాన సంఘములు పూజాద్రవ్యముల పట్టికలో చేర్చి ఊరకుండుట నాకు ఎన్నడును మింగుడుపడలేదు. చలికాలపు సమావేశమనగానే గులాబి కత్తిరింపులను గూర్చి గంటలకొలది చర్చింతురు. పెటూనియా విత్తనముల పొట్లములను చేతులు మార్చుకొందురు. చామంతి మాట ఎత్తినవానిని పూలకొట్టు వైపు చూపుదురు. గులాబిపై నాకు ద్వేషము లేదు. గోధుమ వంగడముల పరిశోధనలో జీవితమును ధారవోసి, 1965లో భారత వ్యవసాయ పరిశోధన మండలికి తొలి డైరెక్టరు జనరలై, తీరిక వేళల గులాబులను సంకరపరచి ‘ఢిల్లీ ప్రిన్సెస్’ వంటి రకములను దేశమునకు ప్రసాదించిన బి.పి.పాల్ గారి పేరు వినబడినప్పుడు నేనును చేతులు జోడింతును. కాని అక్టోబరులో కత్తెర పట్టి, బయటివైపు చూచు కన్నుకు కొంచెము ఎగువను ఏటవాలుగా కత్తిరించి, నెలన్నర ఓపిక పట్టినచో గులాబి పూచును. చామంతి మన యొద్దనుండి ఏడాది కాలమును అడుగును. గులాబి పక్షమువారు ఆగ్రహింతురు గాక, విద్య దీనిదే హెచ్చు.

చామంతికి పుట్టినిల్లు చీనా. అక్కడి కవి తావో యువాన్‌మింగ్ కొలువు విడిచి పల్లె చేరి ఈ పూలతో పొద్దుపుచ్చెనని ప్రసిద్ధి. జపానునకు పోయి అది చక్రవర్తి వంశమునకు ముద్రికయైనది. మన దేశమునకు ఏ దారిని, ఎవరి మూటలో వచ్చినదో ఒక్కొక్కరు ఒక్కొక్క కథ చెప్పుదురు. ఆ తగవు మనకేల? వచ్చినది, మన దేవుళ్ల మెడలలో చేరినది, మన ఆడపడుచుల జడలలో నిలిచినది.

ఈ విద్యకు మూలసూత్రము చీకటి. పగళ్లు దీర్ఘముగా నున్నంతకాలము ఈ మొక్క ఆకులను, కొమ్మలను పెంచుకొనునే గాని మొగ్గ తొడుగదు; దక్షిణాయనమున రాత్రులు సాగి, ఎడతెగని చీకటి తనకు చాలినంత లభించిన పిమ్మటనే దాని కొమ్మకొనలో మొగ్గ రూపు దాల్చును. మొక్కలు పగటి నిడివిని ఇట్లు పసికట్టునని గార్నర్, అల్లార్డ్ అను అమెరికా శాస్త్రజ్ఞులు ఇరువురు పొగాకుపైనను, సోయా చిక్కుడుపైనను పరీక్షలు జరిపి 1920లో లోకమునకు చాటిరి. మన పల్లెలలోని ముత్తవ్వలు ఆ పత్రమును చదివియెరుగరు. అయినను పందిట పాకు నాటు చిక్కుడు చలి తగిలినగాని పూతకు రాదని వారికి తెలియును. రథసప్తమినాడు చిక్కుడుకాయలతో రథము కట్టి, చిక్కుడాకులలో పాయసము సూర్యునికి నివేదించు ఆచారము ఆ కాపు పెరటినిండ నున్న దినములలోనే వచ్చుట కేవలము యాదృచ్ఛికమని నేననుకొనను.

చీకటి మర్మము నెరుగక కలతపడువారు నేటికిని కొల్లలు. మా వీధిలో ఒక యిల్లాలు ప్రహరీ వెంబడి వరుసగా పేర్చిన కుండీలలో గేటు దాపున నున్న కొన్ని మాత్రము ఎంతకును మొగ్గ తొడుగకుండగా, దిష్టి తగిలినదని గేటుకు బూడిద గుమ్మడికాయ కట్టించినది. ఆ కుండీల నెత్తిన వీధిదీపము తెల్లవార్లు వెలుగుచునే యున్నది. వానిని పెరటిలోని చీకటికి మార్చిన కొన్ని వారములకు మొగ్గలు వచ్చినవి. గుమ్మడికాయకే కీర్తి దక్కినది. పూల వ్యాపారులు ఈ సూత్రమునే ఆధారము చేసికొని, సాయంకాలమే నల్లని గుడ్డ కప్పి పూతను ముందునకు తెత్తురు, రాత్రులు దీపములు పెట్టి వెనుకకు నెట్టుదురు. ఇంటితోటవానికి ఆ తంటాతో పనిలేదు. కుండీకి రాత్రి రాత్రిగా దక్కినచో చాలును.

పని ఆరంభమగునది పూత ముగిసిననాడు. వాడిన కొమ్మలను జానెడు లోపునకు కోసివైచినయెడల మొదలునుండి పిలకలు లేచును. మాఘ ఫాల్గుణములలో వానిని వేళ్లతో వేరుచేసి చిన్న కుండీలలో నాటి, మన ఎండాకాలమును నీడపట్టున గట్టెక్కింపవలెను. ఇది అన్నిటికంటె కష్టమైన ఘట్టము. రోహిణి కార్తెలో చామంతిని బ్రతికించినవాడే తోటమాలి యని నా అభిప్రాయము. ఆషాఢమున తొలకరి పడగనే ఆ మొక్కల లేతకొనలను మూడంగుళముల మేర కోసి, అడుగు ఆకులను తీసివైచి, తడియిసుకలో గ్రుచ్చినచో రెండు మూడు వారములలో వేరు తన్నును. నవంబరు పూలన్నియు ఈ కొనలనుండి రావలసినవే. ముసలి మొదలును అట్లే ఉంచి పూయించువారి మొక్కలు అడుగున బోసిగా, మీద గుబురుగా నుండుట చూచుచున్నాము.

వేరు తన్నిన కొనను నేరుగా పెద్ద కుండీలోనికి ఎక్కించుట తొందరపాటు. నాలుగంగుళముల కుండీ, పిదప ఆరంగుళములది, భాద్రపదమునకు పదియంగుళములది: ఇట్లు మెట్లు మెట్లుగా మార్చవలెను. చిన్న వేరునకు పెద్ద కుండీలోని మన్ను పీల్చుకొనరానంత తడిని నిలువబెట్టును. చామంతి వేరు దప్పికను కొంత ఓర్చును గాని నిలువ నీటిని ఓర్వదు. ఎర్రమన్ను, ఇసుక, బాగుగా చివికిన పశువుల ఎరువు, ఆకుఎరువు కలిపి, కుండీకి చారెడు వేపపిండి వేసినచో నాకు తెలిసి వేరొక మందుతో పనిలేదు. చివికిన పేడను నీట కలిపి తేర్చిన తేట పదిదినములకొకమారు పోయుట మంచిది. మొగ్గలో రంగు తొంగిచూడగనే దానిని మానుట అంతకంటె మంచిది.

ఇక తలతుంచుట, మొగ్గదీయుట. గుత్తులుగా పూయు చిట్టి చామంతికి నాటిన నెలకు ఒకమారు, అటుపిమ్మట మరియొకమారు కొనను గోటితో తుంచినచో పక్కకొమ్మలు పుట్టి మొక్క గుండ్రముగా వచ్చును. పెద్దపూవు రకములకు నడుమ మొగ్గను మాత్రము నిలిపి, చుట్టునున్న మొగ్గలు జొన్నగింజంత యగుసరికి ఒక్కొక్కటిగా గిల్లివేయవలెను. ఇక్కడనే చాలమంది చేతులు వణకును. పూయబోవు మొగ్గను చేజేతుల త్రుంచుట పాపమని తలచి నాలుగింటిని మిగిల్చి, నాలుగు నలిగిన పూలను చూచుకొని తృప్తిపడుదురు. జాలి చూపని చేతికి జానెడు వెడల్పు పూవు దక్కును. ఒక్కొక్క రేకును ఒక్కొక్క పూవుగా, నడిమి బొడిపెనంతటిని వందలాది చిరుపూల సభగా ధరించిన ఆ కుసుమము, రేకులు లోనికి ముడిచికొన్నదైనను, వెనుకకు వాలినదైనను, సాలీడు కాళ్లవలె సాగినదైనను, ఒంటికాడపై నిలువెత్తున నిలిచినప్పుడు దాని ముందు గుత్తుల చామంతి నాకు సంతబజారువలె కానవచ్చును.

మా ఊరిలో పదవీవిరమణ చేసిన ఒక డ్రిల్లు మేష్టారు గలరు. ఆయన కుండీకి మూడే కొమ్మలను, మూడే పూలను నిలుపును. వెనుకది యెత్తు, ముందరి రెండును తక్కువ. మూడును ఒకే ఉదయమున పూర్తిగా విచ్చికొనవలెను. జపాను తోటమాలులు ఈ మూటికి స్వర్గము, భూమి, మనుష్యుడు అని పేరులిడిరట. మేష్టారు ఆ పేర్లెరుగకయే ఈ పని చేయుచున్నారు. వెదురుపుల్లకు అరటినారతో ఆయన వేయు ముడి కొమ్మను బిగింపదు, జారనీయదు. అడిగినవారికి అడిగినంత చూపును. తన చేయి మాత్రము ఎవరికిని రాదు.

ఆ విద్యకు పరాకాష్ఠ చూడగోరువారు టోక్యోలోని షింజుకు గ్యోఎన్ ఉద్యానమున నవంబరు తొలి పక్షమున జరుగు ప్రదర్శనమును గూర్చి తెలిసికొనవలెను. అక్కడ ఒకే మొదలునుండి పుట్టిన కొమ్మలను ఏడాది పొడవునను తుంచి, వంచి, చట్రమునకు కట్టి, వందలకొలది పూలను గోపురాకృతిలో వరుసలు తీర్చి, ఒక్కటియు ముందు వెనుకలు గాకుండ పూయింతురు. మన దేశమున లక్నోలోని జాతీయ వృక్షశాస్త్ర పరిశోధన సంస్థవారు తుంచనక్కరలేని, పుల్ల కట్టనక్కరలేని పొట్టి చామంతులను సృష్టించి తీరికలేనివారికి మహోపకారము చేసిరి. వారి ప్రజ్ఞకు నమస్కరింతును. అయినను తుంచుట, కట్టుట లేనప్పుడు నా బోటివానికి చేయుటకు ఇంకేమి మిగులును?

చలి ముదిరిన పిమ్మట చేయవలసినది కొంచెమే. మాపటివేళ నీరు పోయకుడు. రాత్రియంతయు ఆకు తడిగానున్నచో తెగుళ్లు చేరును. మంచు ఆరి ఎండ తగిలిన పిదప కుండీ మన్నును వ్రేలితో చూచి, ఆరియున్ననే మొక్క మొదట పోయుడు. లేతకొనలను పేనుబంక పట్టినచో లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెము సబ్బునీరు కలిపి చల్లుడు. ఆ మందే చిక్కుడు పందిరికిని చాలును. రంగు తేరిన పూలకుండీని మధ్యాహ్నపు ఎండనుండి తప్పించినచో పూవు మరికొన్నాళ్లు నిలుచును. గులాబులవారు బూడిద తెగులును కనిపెట్టియుండుట వారికే మంచిది.

ఇప్పుడు నా గుండెమంటను చెప్పుకొనక తప్పదు. డిసెంబరు వచ్చెనో లేదో, ప్రతి కూడలిలోను తోపుడుబండ్లపై, లారీలలో, చేతెడు ప్లాస్టిక్ కుండీలలో బంతులవంటి చామంతులు దిగుచున్నవి. ఎత్తు పెరుగకుండ మందు చల్లిన మొక్కలవి; మందు ప్రభావము తీరిన మరుసటి యేట అదే మొక్క సాగి వాలును. ఒక మొక్కగా కనబడునది విప్పి చూచినచో నాలుగైదు కొనలను ఒక కుండీలో గ్రుచ్చిన కూటమి. కొబ్బరిపొట్టులో పెరిగిన ఆ వేళ్లు ఒకమారు ఎండినచో మరల నీరు పట్టుట గగనము. కొన్నవారు పదిదినములు మురిసి, పూలు వాడగనే కుండీతోకూడ చెత్తబండిలో వైచి, తమ చేతికి పచ్చదనము లేదని విచారింతురు. వారి చేతిలో దోషమేమున్నది? వారికి అమ్మబడినది పూలగుత్తియే గాని మొక్క కాదు. తెల్లచామంతి కాడలను రంగునీట ముంచి నీలిపూలని అమ్ముటయు, గుమ్మములకు ప్లాస్టిక్ బంతిదండలు కట్టి ఏడాది పొడవున దుమ్ము పట్టించుటయు చూచినప్పుడు, గొబ్బెమ్మలపై నిలుచుటకు ఇక గుమ్మడిపూవైనను మిగులునా యని భయము కలుగును.

కడియపులంక నర్సరీలవారిని నేను నిందింపను. గోదావరి ఒండ్రునేలలో అంటుకట్టు నేర్పును తరతరములుగా నిలుపుకొనుచున్న ఊరది; పల్లా వెంకన్న వంటివారు ఆ ఊరి పేరును దూరదేశములకు ప్రాకించిరి. కొనువారు అడిగినదే వారు అమ్ముదురు. మనమే పిలకల నడుగుట మానితిమి. మేష్టారి పెరటిలోని పసుపుపచ్చ పెద్దరకమునకు పేరు లేదు. వారి మేనత్తగారి యింటినుండి వచ్చినదట. గుడిమల్కాపూరు పూలసంతలో దాని జోడును నేను చూడలేదు. అట్టి పేరులేని రకములు ఇంకెన్ని పెరళ్లలో నున్నవో, ఎన్ని అపార్టుమెంట్ల పునాదుల క్రిందికి పోయినవో లెక్కించువారు లేరు.

కావున ఉద్యాన సంఘములవారికి నా విన్నపము: ఈ సంవత్సరపు చలికాల సమావేశమును సంక్రాంతి కనుమ దాటిన పిమ్మట పెట్టుడు. సభ్యులు తమ పెరటి నాటు చామంతి పిలకలను తడిగుడ్డలో చుట్టి తెచ్చి, ఇరుగుపొరుగులకు ఉచితముగ పంచవలెనని నియమము చేయుడు. ఎవరి యింటిది ఏ రకమో, ఎక్కడినుండి వచ్చినదో ఒక పుస్తకమున వ్రాసి యుంచుడు. బజారులో కుండీ కొన్నవారిని సైతము రానిండు. పూలు వాడిన ఆ మొక్కను పారవేయక, నాలుగైదు కొనలను వేరువేరుగా తీసి మట్టికుండీలలో నాటించుడు. పిలకలు దొరకనివారు మా మేష్టారివంటి వారు మీ ఊరిలో ఎవరున్నారో విచారించి, వారి గేటు తట్టుడు, అడిగినవారికి లేదనరు.