రాక, పుట్టుక, బాధ: ఒకే దేహంలోని పలువురిని గురించిన తెలుగు పరిభాష

కీలకపదాలు: పూనకం, శిగం, బహుళ వ్యక్తిత్వం, ఆఘాతజనితం, పరిభాషానువాదం

1. ఉపోద్ఘాతం

ఒకే దేహంలో తాము పలువురమని చెప్పుకునేవారు తమ సమూహాన్ని ఆంగ్లంలో ‘ప్లూరల్ సిస్టమ్’ అంటున్నారు. సభ్యులు ఏర్పడిన తీరును బట్టి అందులో భేదాలు చెబుతున్నారు. మానసికాఘాతం వల్ల ఏర్పడితే ‘ట్రామాజెనిక్’, ఆఘాతంతో నిమిత్తం లేకుండా ఏర్పడితే ‘ఎండోజెనిక్’. సాధనతో, సంకల్పపూర్వకంగా రూపొందించుకున్న సభ్యుణ్ణి ‘తుల్పా’ అంటారు. వీటికి తెలుగు పదాలు కల్పించే ముందు, ఇటువంటి అనుభవాలకు మన భాషలో ఉన్న మాటలు దేన్ని చెబుతున్నాయో, దేన్ని చెప్పడం లేదో పరిశీలించాలి.

2. జన వ్యవహారం

నర్సంపేట ప్రాంతంలో ఈ పదసంపద నేటికీ సజీవం. రెండేళ్లకోసారి మాఘమాసంలో జరిగే మేడారం జాతరకు ఇక్కడి నుంచి జనం తరలివెళ్తారు. అక్కడ శివసత్తులు శిగమూగుతారు. ఈ అనుభవాన్ని చెప్పే వాక్యాల్లో కర్త మారుతుంది. ‘అమ్మవారు పూనింది’ అన్నప్పుడు కర్త దేవత. ‘ఆమెకు పూనకం వచ్చింది’ అన్నప్పుడు జ్వరం, నవ్వు వచ్చినట్లే పూనకమూ వస్తుంది. మనిషి ‘కు’ ప్రత్యయంతో నిలుస్తుంది. ‘ఆమె శిగమూగుతోంది’ అన్నప్పుడు కర్త ఆ స్త్రీయే. అవాంఛితమైనదానికి క్రియలు వేరు: దయ్యం ‘పడుతుంది’, గాలి ‘సోకుతుంది’.

ఇవన్నీ రాకను, తాకిడిని, కదలికను చెప్పే క్రియలు. ‘పుట్టు’, ‘ఏర్పడు’ అనేవి ఇక్కడ వినిపించవు. వచ్చినవారు అంతకుముందే వేరొకచోట ఉన్నారన్నది ఈ భాషలోని భావన. కనుక అడిగే ప్రశ్న ‘ఎవరు వచ్చారు, ఏం కోరుతున్నారు’ అన్నదే కాని, ‘ఎలా పుట్టారు’ అన్నది కాదు. పైగా పూనకం కొంతసేపటికి దిగిపోతుంది. సమూహ సభ్యులు తాము ఆ దేహంలోనే నివసిస్తున్నామంటారు. అందువల్ల పుట్టుకను చెప్పే ‘జెనిక్’ పదాలకు పూనకం సమానార్థకం కాజాలదు.

3. వైద్య పరిభాష

అమెరికన్ మనోవైద్య సంఘం 1980లో ‘మల్టిపుల్ పర్సనాలిటీ డిజార్డర్’ అని పేర్కొన్న రుగ్మతను 1994లో ‘డిసోసియేటివ్ ఐడెంటిటీ డిజార్డర్’గా మార్చింది. పలు వ్యక్తిత్వాలున్నాయనడం కన్నా ఒకే వ్యక్తిలో అస్తిత్వం ఏకీకృతం కాలేదనడం వైపు మొగ్గిన మార్పు ఇది. తెలుగులో మాత్రం ‘బహుళ వ్యక్తిత్వం’, ‘వ్యక్తిత్వ చీలిక’ అనే మాటలే నిలిచాయి. ‘చీలిక’ అన్న మాటలోనే ఒక సిద్ధాంతం ఉంది: అఖండంగా ఉన్నది విరిగిందని. 2005 నాటి ‘అపరిచితుడు’ చిత్రం, బాల్యంలో చెల్లెలి మరణాన్ని కథానాయకుడి స్థితికి మూలంగా చూపి, ఈ కారణవాదాన్ని ప్రేక్షకుల్లో స్థిరపరచింది.

అదే సంఘం 2013లో వెలువరించిన ఐదవ కూర్పు, కొన్ని సంస్కృతుల్లో ఈ స్థితిని ఆవేశంగా వర్ణించవచ్చునని అంగీకరించింది. అయితే బాధ గాని, జీవన వ్యవహారాలకు భంగం గాని ఉండాలనీ, సమాజం ఆమోదించిన మతాచారాన్ని రుగ్మతగా లెక్కించరాదనీ నియమించింది.

4. అనువాద సమస్య

‘ఎండోజెనిక్’ను ‘అంతర్జనితం’ అనడం సులభమే కాని పొరపాటు. మనోవైద్యంలో ‘ఎండోజీనస్ డిప్రెషన్’ అన్నప్పుడు బయటి కారణం లేక శరీర ధర్మం వల్ల కలిగిన కుంగుబాటు అని అర్థం. సమూహాలవారి వాడుకలో ఈ మాట ఆఘాతం మూలం కాదని మాత్రమే చెబుతుంది. కనుక ‘ఆఘాతజనితం’, ‘ఆఘాతేతరం’, ‘సంకల్పజనితం’ అన్న మూడు పదాలు మెరుగని నా ప్రతిపాదన. ఇవి సభ్యులు తమ పుట్టుకను గురించి చెప్పుకునే మాటలే గాని రోగ నిర్ధారణలు కావని స్పష్టం చేయడం అవసరం.

5. ముగింపు

రాక, పుట్టుక, బాధ మూడు వేర్వేరు విషయాలు. వీటిని ఒకే పదంలో కలిపితే రెండు వైపులా నష్టం. శివసత్తును రోగిగా రాస్తాం. వైద్యం అవసరమైన మనిషిని పూనకమని వదిలేస్తాం. క్షేత్ర పరిశోధకులు వక్త వాడిన క్రియను యథాతథంగా నమోదు చేసి, మూలం గురించి ఆ వ్యక్తి ఏమన్నారో విడిగా రాసి, బాధ ఉందా లేదా అన్నది మూడో అంశంగా పరిశీలించాలి. పరిభాష ఆ తరువాతి పని.