పొద్దు తిరిగేది మొగ్గే

కుండీని రోజూ కాస్త తిప్పుతూ ఉంటే మొక్క వంకరపోకుండా నిటారుగా పెరుగుతుందని ఎక్కడో విన్నాను. కిటికీ పక్కన పెట్టుకునే మొక్కలకు ఆ మాట సరే. నేను తెలివి మీరి మిద్దె మీది పొద్దుతిరుగుడుకూ అదే వైద్యం చేశాను. అయిదు పాత పెయింటు డబ్బాలు, డబ్బాకో మొక్క. సాయంత్రం ఇంటికి రాగానే మూడింటిని సగం చుట్టు తిప్పేవాణ్ని. గోడ వారన ఇరుక్కున్న రెండింటికి చెయ్యి అందక వదిలేశాను. నెల తిరిగేసరికి నా బద్ధకం పుణ్యమా అని ఆ రెండే ఏపుగా ఉన్నాయి. తిప్పిన మూడూ ఆకు చిన్నవై, కాండం సన్నబడి నిలబడ్డాయి. నీళ్లు చాల్లేదేమో అనుకున్నాను. వేపపిండి కూడా వేశాను. లాభం లేకపోయింది.

మా మేనమామకు నంద్యాల దగ్గర నల్లరేగడి చేను ఉండేది. చిన్నప్పుడు సెలవులకు వెళ్లి, పూలు పొద్దుతో పాటు తిరుగుతాయని గట్టు మీద పొద్దస్తమానం కూర్చున్నాను. ఒక్కటీ కదల్లేదు. అడిగితే మామ నవ్వాడు. "పూసినాక యాడ తిరుగుతాదిరా? తూర్పుకు మొగం పెట్టి నిలబడ్తాది. తిరిగేది మొగ్గప్పుడే" అన్నాడు. మనం పెట్టుకున్న పేరు ఆ మొక్క చిన్నతనానికే చెల్లుతుందన్నమాట.

ఆ మాట గుర్తొచ్చి, గోడ వారనున్న రెండు మొక్కలూ మొగ్గ మీదుండగా ఒక రాత్రి కాపలా కాశాను. పదింటికి టార్చి వేస్తే మొగ్గ ఇంకా పడమర, పక్కింటి నీళ్ల ట్యాంకు వైపే వాలి ఉంది. ఒంటిగంటకు ఆకాశం కేసి నిటారుగా ఉంది. నాలుగింటికి తూర్పు పిట్టగోడ మీదికి ఒరిగింది. ఎండ సంగతి సరే, ఆ రాత్రి వెన్నెల కూడా లేదు. మరి దానికి ఎవరు చెప్పినట్టు?

లోపలి గడియారం చెప్పింది. తిరగడం అంటే ఆ మొక్కకు వేరే పనేం కాదు, పెరగడమే. పగలు కాండానికి తూర్పు పక్క ఎక్కువ సాగుతుంది, తల పడమటికి వాలుతుంది. రాత్రి పడమటి పక్క సాగుతుంది, తల తూర్పుకు వస్తుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో స్టేసీ హార్మర్ బృందం దీన్ని తేల్చి 2016లో 'సైన్స్' పత్రికలో ప్రకటించింది. మొక్కల్ని గదిలోకి తెచ్చి, నడినెత్తిన కదలని దీపం పెట్టినా అవి కొన్ని రోజులపాటు అలా ఊగుతూనే ఉన్నాయి. దీపాన్ని తూర్పు నుంచి పడమటికి నడిపించి, రోజును 24 గంటలకు బదులు 30 గంటలు చేస్తే మాత్రం తడబడ్డాయి.

వాళ్లు నా పని కూడా చేసి చూశారు. సాయంత్రం పూట కుండీలు తిప్పి, తెల్లారేసరికి మొక్కలు పడమర చూసేలా చేశారు. బరువు, ఆకుల విస్తీర్ణం పదో వంతు దాకా తగ్గాయి. నా మూడు మొక్కలూ రోజూ పొద్దున సూర్యుడికి వీపు పెట్టి లేచాయని అప్పుడు అర్థమైంది. నేను వేపపిండి వేస్తున్నాను!

గడియారం సంగతి కొత్తదేం కాదు. 1729లో ఫ్రాన్సులో ద మైరాన్ అత్తిపత్తిలాంటి మొక్కను చీకట్లో పెట్టి, ఎండ తగలకపోయినా అది వేళకు ఆకులు విప్పుతోందని గమనించాడు. ఆయన ఖగోళ శాస్త్రవేత్త. చుక్కలు చూసే మనిషికి ఇది కనబడటం నాకు భలే నచ్చుతుంది.

రాత్రి పెరగాలంటే తిండి కావాలి కదా. ఆవాల కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్క ఆ లెక్కలో దిట్ట. పగలు దాచిన పిండిపదార్థాన్ని తెల్లారేసరికి దాదాపు ఖాళీ అయ్యేట్టు వాడుకుంటుంది. నెలాఖరులో బియ్యం డబ్బా చూసి, మిగిలిన రోజులు లెక్కేసి, పూటకిన్ని గిద్దెలని కొలిచే ఇల్లాలి పద్ధతి. దీపం నాలుగు గంటలు ముందే ఆర్పేస్తే ఖర్చు తగ్గించి తెల్లారేదాకా సర్దుకుంటుంది. ఆ మొక్కలోనే సాయంత్రమయ్యేసరికి మూడు ప్రోటీన్లు కలిసి పెరుగుదలకు కళ్లెం వేస్తాయి. తెల్లవారుజాముకు ఆ పట్టు సడలుతుంది, లేత కాండం అప్పుడు సాగుతుంది.

ఇక పూసిన తర్వాత తూర్పుకే ఎందుకు? పొద్దుటెండకు పువ్వు త్వరగా వెచ్చబడుతుంది. తూర్పు చూసే పూల మీద పడమర చూసే వాటికంటే అయిదు రెట్లు ఎక్కువగా తేనెటీగలు వాలాయని డేవిస్ వాళ్లు లెక్కగట్టారు. పడమటి పూలకు చిన్న హీటరు పెట్టి వెచ్చబరిస్తే వాటికీ ఈగలు పెరిగాయి.

ఈసారి డబ్బాల చుట్టూ నేల మీద సుద్దముక్కతో గీతలు గీశాను, ఊడ్చేటప్పుడు కూడా ఎవరూ కదపకుండా. మీకు దగ్గర్లో పొద్దుతిరుగుడు చేను ఉంటే మొగ్గ దశలోనే వెళ్లండి, తెల్లవారుజామున నాలుగింటికి. టార్చి మరిచిపోకండి, ఆ వేళ గట్ల మీద పాములు కూడా తిరుగుతాయి.